వోల్టులు, ఆంపియర్లు, వాట్లు: పర్లాకిమిడి మోటారు వైండింగు షాపులో తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాది మోటారు వైండింగు పని. షాపుకి వచ్చేవాళ్ళలో చాలామంది మన తెలుగువాళ్ళే. ఆంధ్ర వైపు పాతపట్నం నుంచి, కాశీనగరం పల్లెల నుంచి, గుణుపురం వైపు నుంచి పంపుసెట్లు, మిక్సీలు తెస్తారు. ఊళ్ళోని కొమ్ముపనివాళ్ళు పాలిష్ మోటార్లు తెస్తారు. కాలిపోయి వచ్చిన మోటార్లలో చాలావాటిని, కొనేముందో బిగించేముందో ఒక్క హెచ్చవేత చేసుకుని ఉంటే కాపాడుకోగలిగేవాళ్ళు. ఒక మోటారు మళ్ళీ చుట్టించాలంటే రైతుకి ఎంత కష్టమో రోజూ చూస్తున్నాను. అందుకే జనం నన్ను అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఒకచోట రాసిపెట్టాను.

వోల్టులూ ఆంపియర్లూ తెలుసు. వాట్లు ఎలా కట్టాలి?

రెండింటినీ హెచ్చవేయాలి. వాట్లు = వోల్టులు × ఆంపియర్లు. ఇస్త్రీ పెట్టె 230 వోల్టుల మీద 4.35 ఆంపియర్లు లాగుతుంటే 230 × 4.35, అంటే దాదాపు 1000 వాట్లు. తిరగేసి కూడా వాడుకోవచ్చు. పెట్టె మీద 1000 వాట్లని రాసి ఉంటే 230తో భాగించండి, ఆంపియర్లు వస్తాయి. నా అనుభవంలో ఈ రెండో లెక్కే ఎక్కువ పనికొస్తుంది. వాట్లు డబ్బా మీదే అచ్చువేసి ఉంటాయి, ఆంపియర్లు మాత్రం మనమే కట్టుకోవాలి. వైరు వేడెక్కేది ఆంపియర్ల వల్లే.

బల్బు, ఇస్త్రీ పెట్టె, గీజరు, నీళ్ళలో పెట్టే రాడ్డు, ఇలా వేడి పుట్టించే వాటన్నిటికీ ఈ లెక్క ఉన్నదున్నట్టు సరిపోతుంది. బ్యాటరీ మీద నడిచే వాటికీ అంతే. మోటార్ల దగ్గర మాత్రం ఇంకొంచెం పని ఉంది, కింద చెప్తాను.

"కరెంటు" అంటే వోల్టేజీయా, ఆంపియర్లా, యూనిట్లా?

మన వాడుకలో అన్నీ. "కరెంటు పోయింది" అంటే సరఫరా ఆగింది. "కరెంటు తక్కువుంది" అంటే వోల్టేజీ పడిపోయింది. "ఈ ఫ్రిజ్జు కరెంటు బాగా తింటోంది" అంటే యూనిట్లు ఎక్కువ అవుతున్నాయి. "కరెంటు కొట్టింది" అంటే షాకు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. జనం నోట్లో ఉన్న మాటను తప్పనడం నాకు ఇష్టం లేదు. లెక్క దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం వేరుగా పలుకుదాం. వోల్టేజీ అంటే తోపు, అంటే తోసే బలం, దాన్ని వోల్టుల్లో కొలుస్తాం. ఆ తోపుకి తీగలో పారేది ప్రవాహం, దాన్ని ఆంపియర్లలో కొలుస్తాం. రెండూ కలిసి క్షణక్షణానికీ చేసే పని వాట్లు. ఇంగ్లీషులో కరెంటు అనే మాటకి లెక్కల్లో అర్థం ఆంపియర్లు మాత్రమే. వీడియోలు చూసి నేర్చుకునే కుర్రాళ్ళు సరిగ్గా ఇక్కడే తికమక పడుతున్నారు.

వాట్లకీ యూనిట్లకీ ఏమిటి సంబంధం?

1000 వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. అదే ఇస్త్రీ పెట్టె 20 నిమిషాలు వేడిగా ఉంచితే యూనిట్‌లో మూడో వంతు. 75 వాట్ల పాత ఫ్యాను ఒక యూనిట్ తినడానికి 13 గంటల 20 నిమిషాలు పడుతుంది. 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ వాట్లతో తిరిగే కొత్తరకం మోటారు) ఫ్యానుకైతే 33 గంటలకు పైనే. వేసవిలో రాత్రీ పగలూ ఫ్యాను తిరిగే ఇంట్లో ఈ తేడా బిల్లులో కనబడుతుంది.

ఆంపియర్లు కొలవడం ఎలా? క్లాంప్ మీటరు పెడితే సున్నా చూపిస్తోంది.

మీరు రెండు వైర్లకూ కలిపి తగిలించి ఉంటారు. ఈ ప్రశ్న నెలకి రెండు మూడు సార్లు వస్తుంది. క్లాంప్ మీటరు అంటే వైరుని దవడతో చుట్టి పట్టుకుని ఆంపియర్లు చూపే మీటరు. ఆ దవడ తీగ చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని చూస్తుంది. ఫేజులో కరెంటు అటు వెళుతుంటే న్యూట్రల్‌లో అంతే కరెంటు ఇటు వస్తుంది. రెండు వైర్లూ ఒకే దవడలో ఉంటే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, మీటరు సున్నా చూపిస్తుంది. దవడలో ఒక్క వైరే ఉండాలి.

నేను ఒక మూరెడు ఎక్స్‌టెన్షన్ వైరు చేసి పెట్టుకున్నాను. పై తొడుగు నిలువుగా చీల్చి, లోపలి ఎరుపు, నలుపు, పచ్చ వైర్ల ఇన్సులేషన్ చెక్కుచెదరకుండా విడివిడిగా బయటకు తీశాను. మిక్సీ అయినా ఫ్రిజ్జయినా దాని ప్లగ్గు అందులో పెట్టి, ఎర్ర వైరుకి క్లాంప్ తగిలిస్తే చాలు. మోటారు తిరగడం మొదలైన తొలి క్షణంలో ముల్లు గానీ అంకె గానీ పైకి లేచి దిగుతుంది. నిలకడగా నిలిచిన అంకె రాసుకోండి.

సాదా మల్టీమీటరుని ఆంపియర్ల మీద పెట్టి ఆ రెండు పుల్లలూ సాకెట్లో గుచ్చకండి. అది నేరుగా షార్ట్ సర్క్యూట్. పుల్లలు చేతిలోనే పేలతాయి.

క్లాంప్ మీటరు లేదు. ఇంట్లో కొలుచుకునే దారి ఉందా?

ఉంది, ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి. మీ ఇంటి డిజిటల్ మీటరు ముఖం మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కన 3200 అనో 1600 అనో ఒక అంకె ఉంటుంది. ఒక యూనిట్‌కి ఆ లైటు అన్నిసార్లు మిణుకుతుందని దానర్థం. ఇంట్లో మిగతావన్నీ ఆపేసి, కొలవాల్సిన వస్తువొక్కటే వేయండి. ఒక నిమిషంలో ఎన్ని మిణుకులో లెక్కపెట్టండి. దాన్ని 60తో హెచ్చవేసి మీటరు మీది అంకెతో భాగించండి. 3200 మీటరు మీద నిమిషానికి 32 మిణుకులు వస్తే 32 × 60 ÷ 3200 = 0.6 కిలోవాట్లు, అంటే 600 వాట్లు. బిల్లు వేసేది ఆ మీటరే కాబట్టి, బిల్లుకి పనికొచ్చే అసలు వాట్లు ఇవే.

పంపు మోటారు వోల్టులు, ఆంపియర్లు హెచ్చవేస్తే ఒక అంకె, మీటరు మిణుకులు లెక్కపెడితే ఇంకో అంకె వస్తోంది. ఏది నిజం?

రెండూ నిజమే. మా పెరటి బావి మోటారు సంగతే చెప్తాను. ఒక ఉదయం కొలిచినప్పుడు వోల్టేజీ 225, క్లాంప్ మీద 6.2 ఆంపియర్లు. హెచ్చవేస్తే 1395. అదే సమయంలో మీటరు నిమిషానికి 59 సార్లు మిణుకింది. 59 × 60 ÷ 3200 వేస్తే 1106 వాట్లు. మిగతా 289 ఎక్కడికి పోయినట్టు?

ఉయ్యాల ఊపడం తలుచుకోండి. ఉయ్యాల ముందుకి వెళ్ళే క్షణంలోనే తోస్తే తోపంతా పనికొస్తుంది. కాస్త ఆలస్యంగా తోస్తే కొంత తోపు ఉయ్యాలకి ఎదురు తగులుతుంది. చెయ్యి అలిసిపోయినంతగా ఉయ్యాల ఎగరదు. మన సరఫరాలో వోల్టేజీ సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఇస్త్రీ పెట్టెలో ఆంపియర్లు వోల్టేజీతో కలిసి ఊగుతాయి. మోటారులో తీగచుట్ట ఉంది, అది ముందు అయస్కాంతంగా మారాలి, అందువల్ల ఆంపియర్లు కాస్త వెనకబడి ఊగుతాయి. ఆ వెనకబాటు వల్ల తెచ్చుకున్న శక్తిలో కొంత ప్రతి ఊపులోనూ లైనుకే తిరిగి వెళ్ళిపోతుంది. అందుకే మోటారుకి లెక్క ఇలా: వాట్లు = వోల్టులు × ఆంపియర్లు × పవర్ ఫ్యాక్టర్. మా మోటారుకి 1106 ÷ 1395, అంటే 0.79. కేవలం వోల్టులు, ఆంపియర్లు హెచ్చవేసి తెచ్చిన 1395ని వాట్లు అనకూడదు, వోల్ట్ ఆంపియర్లు అనాలి. జనరేటర్ల మీద, ఇన్వర్టర్ల మీద కేవీఏ (వెయ్యి వీఏలు), వీఏ అని రాసేది దాన్నే.

పవర్ ఫ్యాక్టర్ తెలియకపోతే చిన్న మోటార్లకి 0.8 వేసుకోండి, దగ్గరగా వస్తుంది.

సంతలో అమ్మే "కరెంటు ఆదా పెట్టె" ప్లగ్గులో పెడితే బిల్లు తగ్గుతుందా?

తగ్గదు. ఈ విషయంలో నాకు నిజంగా బాధేస్తుంది, కూలి డబ్బు పెట్టి కొనుక్కుని వస్తున్నారు. ఒకదాన్ని విప్పి చూశాను. లోపల చిన్న కెపాసిటరు, వెలగడానికి ఒక ఎల్ఈడీ, అంతే. అమ్మేవాడు క్లాంప్ మీటరు తగిలించి చూపిస్తాడు, పెట్టె పెట్టగానే ఆంపియర్లు తగ్గుతాయి. అది మాయ కాదు, నిజంగానే తగ్గుతాయి. లైనుకీ మోటారుకీ మధ్య ఊరికే తిరిగే ఆ భాగాన్ని కెపాసిటరు దగ్గరే సర్దేస్తుంది. కానీ ఇంటి మీటరు లెక్కించేది వాట్లని, ఆ భాగాన్ని కాదు. ఆ పెట్టె పెట్టి మిణుకులు లెక్కపెట్టండి, పెట్టకముందు ఎన్నో ఇప్పుడూ అన్నే. పెద్ద మిల్లులకి, ఫ్యాక్టరీలకి పవర్ ఫ్యాక్టర్ లెక్క వేరే ఉంటుంది, అక్కడ సరైన కెపాసిటర్లు పెట్టుకోవడం మంచి పనే.

ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు కదా, నా ఒక హెచ్‌పీ మోటారు 1100 ఎందుకు లాగుతోంది?

హెచ్‌పీ అనేది ఇరుసు మీద బయటకు వచ్చే పని. లోపలికి వెళ్ళేది అంతకన్నా ఎక్కువ ఉండాల్సిందే. తీగ వేడి, ఇనుము వేడి, బేరింగు రాపిడి, గాలి రెక్క, ఇవన్నీ తమ వంతు తీసుకుంటాయి. చిన్న సింగిల్ ఫేజ్ మోటార్లలో లోపలికి పోయినదాంట్లో మూడింట రెండు వంతులు బయటకు వస్తే బాగున్నట్టే. బిల్లు లెక్కకి 746 పట్టుకోకండి.

త్రీఫేజ్ మోటారుకి ఎలా?

వాట్లు = 1.732 × వోల్టులు × ఆంపియర్లు × పవర్ ఫ్యాక్టర్. ఇక్కడ వోల్టులంటే రెండు ఫేజుల మధ్య కొలిచిన 415. ఆంపియర్లంటే ఏదో ఒక ఫేజు వైరులో కొలిచినవి, మూడూ కూడినవి కావు. మూడు ఫేజులు కదా అని 415ని మూడుతో హెచ్చవేసేవాళ్ళున్నారు, అది తప్పు. మూడుతో హెచ్చవేయాలంటే ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఉండే 240 తీసుకోవాలి. 3 × 240 అంటే 720, 1.732 × 415 అన్నా దాదాపు 719. రెండు దార్లూ ఒక్క చోటికే చేరుతాయి.

5 హెచ్‌పీ మోటారుని చూద్దాం. బయటకు 3730 వాట్లు. సామర్థ్యం 0.85, పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుంటే 3730 ÷ (719 × 0.8 × 0.85), అంటే దాదాపు 7.6 ఆంపియర్లు. నిండు బరువు మీద ఉన్నప్పుడు మూడు వైర్లలోనూ ఇంచుమించు ఇంతే కనబడాలి. ఒక వైరులో సున్నా, మిగతా రెండింటిలో పది పన్నెండు కనబడితే వెంటనే ఆపండి, ఒక ఫేజు పోయింది.

లో వోల్టేజీలో కరెంటు తక్కువే కదా వాడేది, మోటారు ఎందుకు కాలుతుంది?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. ఇస్త్రీ పెట్టె ఒకలా ప్రవర్తిస్తుంది, మోటారు ఇంకోలా.

1000 వాట్ల ఇస్త్రీ పెట్టె నిరోధం, అంటే ప్రవాహానికి అది పెట్టే అడ్డు, దాదాపు 53 ఓములు, అది పెద్దగా మారదు. వోల్టేజీ 180కి పడితే ఆంపియర్లు 180 ÷ 53, అంటే 3.4కి పడతాయి. 180 × 3.4 అంటే 612 వాట్లు. వోల్టేజీ అయిదో వంతు చిల్లర తగ్గితే వేడి అయిదింట రెండు వంతులు తగ్గిపోయింది, ఎందుకంటే వోల్టులూ తగ్గాయి, ఆంపియర్లూ తగ్గాయి. బట్ట ముడత పోదు, అంతకు మించి నష్టం లేదు.

మోటారు అలా కాదు. బావిలో నీళ్ళు అంతే లోతులో ఉన్నాయి, ఎత్తాల్సిన బరువు అంతే. వోల్టేజీ తగ్గితే ఆ పని చేయడానికి అది ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది. మా బావి మోటారే 180 వోల్టుల మీద సుమారు 7.8 ఆంపియర్లు లాగాలి. తీగలో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 6.2 నుంచి 7.8కి వెళ్ళడం చిన్నదిగా కనబడుతుంది గానీ, వేడి ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది.

అలా కాలిన మోటారు మూత తీయగానే తెలిసిపోతుంది. మంచి చుట్టలో రాగి తీగ వార్నిషు కింద తేనె రంగులో మెరుస్తుంది. లో వోల్టేజీలో కాలినదాంట్లో చుట్టంతా ఒకే తీరుగా నల్లబడి, తీగ కూర్చునే స్లాట్లలోని కాగితం ముట్టుకుంటే పెళుసుగా విరిగి రాలుతుంది. ఒక ఫేజు పోయి కాలిన త్రీఫేజ్ మోటారులో కొన్ని చుట్టలు బొగ్గయి, పక్కవి కొత్తగా ఉన్నట్టే ఉంటాయి. రంగు చూసి కారణం చెప్పొచ్చు. సాయంత్రం పూట ఊళ్ళో అందరూ మోటార్లు వేసే వేళ వోల్టేజీ చూసుకుని వేయండి. తక్కువగా ఉంటే రాత్రి పది దాటాక వేయండి. మోటారు ఊఁ అని మూలుగుతూ తిరగకపోతే రెండు మూడు సెకన్లలో ఆపేయండి.

ప్లగ్గు పిన్ను గోధుమరంగుకి మారింది. పర్వాలేదా?

పర్వా ఉంది. చలికాలంలో గుణుపురం మా పిన్నిగారింటికి వెళ్ళాను. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో 1500 వాట్ల నీళ్ళ రాడ్డు, 1800 వాట్ల ఇండక్షన్ పొయ్యి. మొత్తం 3300 వాట్లు, 230తో భాగిస్తే 14.3 ఆంపియర్లు. ఆ బోర్డు ప్లగ్గు 6 ఆంపియర్లది. మిగిలిన వైరు అందంగా ఉండాలని చుట్టచుట్టి గోడకి తగిలించారు. చుట్ట మీద చెయ్యి పెడితే రొట్టె పెనంలా ఉంది. లోపలి పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ప్లగ్గు పీకితే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి గుంట పడింది.

పిన్నుకీ సాకెట్‌కీ పట్టు వదులైతే అక్కడ 0.1 ఓము నిరోధం వచ్చినా చాలు. 14.3 వర్గం 204, దాన్ని 0.1తో హెచ్చవేస్తే 20 వాట్లు. చింతగింజంత చోట 20 వాట్ల వేడి! సోల్డరింగ్ ఐరన్ అంతే ఉంటుంది. 1000 వాట్లు దాటిన వేడి వస్తువు ఏదైనా 16 ఆంపియర్ల సాకెట్లోనే పెట్టండి. ఒక సాకెట్‌కి ఒకటే పెట్టండి. పొడుగు వైరు వాడక తప్పకపోతే చుట్టంతా విప్పి పరవండి.

ఎంసీబీ ఎంతది వేయాలి?

ఎంసీబీ అంటే ప్రవాహం మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చు. వస్తువుని చూసి కాదు, వైరుని చూసి వేయాలి. లైట్లు, ఫ్యాన్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ. పవర్ సాకెట్‌కి 2.5 వైరు, 16 ఎంసీబీ. మాటిమాటికీ పడిపోతోందని 16 తీసి 32 బిగించమని అడుగుతారు. ఆ పని నేను చెయ్యను. అప్పుడు ఎంసీబీ పడిపోదు, గోడలో వైరు కాలుతుంది.

900 వీఏ ఇన్వర్టరు మీద 900 వాట్లు నడపొచ్చా?

నడపకూడదు. 0.8 వేసి 720 వాట్ల లోపే ఉంచండి. మూడు ఫ్యాన్లు 225, అయిదు ఎల్ఈడీలు 45, టీవీ 80, మొత్తం 350 వాట్లు. 230 వోల్టుల వైపు అది ఒకటిన్నర ఆంపియరే. బ్యాటరీ 12 వోల్టులు కాబట్టి 350 ÷ 12, అంటే 29 ఆంపియర్లు, ఇన్వర్టరులో పోయే నష్టం కలిపితే 35 దాకా. బ్యాటరీకి బొటనవేలంత లావు వైర్లు ఇచ్చేది అందుకే. వాటిని పొడిగించడానికి సన్న వైరు అతకకండి. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 12 × 150, అంటే 1800 వాట్ అవర్లు. నష్టాలు పోను లెక్కకి నాలుగు గంటలు వస్తుంది, బ్యాటరీ మన్నాలంటే మూడు గంటలే అనుకోండి.

5 కేవీఏ జనరేటరు 2 హెచ్‌పీ మోటారుని ఎందుకు లేపలేకపోతోంది?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లాని ఊడ్చేసినప్పుడు, స్తంభాలు లేచేదాకా జనం అద్దె జనరేటర్లతో నీళ్ళు తోడుకున్నారు. అప్పుడు అందరూ అడిగిన ప్రశ్న ఇదే. 5 కేవీఏ అంటే 230 వోల్టుల మీద దాదాపు 22 ఆంపియర్లు. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు తిరుగుతున్నప్పుడు పది పదకొండే లాగుతుంది, సగమే. కానీ ఆగి ఉన్న మోటారు లేచే క్షణంలో దానికి అయిదారు రెట్లు కావాలి. 55 ఆంపియర్లు అడిగితే 22 ఇవ్వగలిగిన జనరేటరు కుంగిపోతుంది, వోల్టేజీ పడిపోతుంది, మోటారు మూలుగుతుంది, రెండూ దెబ్బతింటాయి. జనరేటరు మీద చిన్న మోటారే పెట్టుకోండి. మోటారు లేచాకే లైట్లు వేయండి.

సోలార్ ప్యానెల్ వెనక రెండు వోల్టులు, రెండు ఆంపియర్లు ఉన్నాయి. ఏవి హెచ్చవేయాలి?

540 వాట్ల ప్యానెల్ స్టిక్కరు మీద ఇంచుమించు 41.6 వోల్టులు, 13 ఆంపియర్లు ఒక జత, 49.5 వోల్టులు, 13.8 ఆంపియర్లు ఇంకో జత ఉంటాయి. మొదటి జతే వాట్లకి: 41.6 × 13 అంటే 541. రెండో జతలో వోల్టులు ఏమీ కలపనప్పటివి, ఆంపియర్లు రెండు కొసలూ ముడేసినప్పటివి. ఆ రెండూ ఒకేసారి ఉండవు, హెచ్చవేస్తే వచ్చే 683కి అర్థం లేదు. ఆ వోల్టులు ఇన్వర్టరు తట్టుకోగలదా లేదా చూడటానికి, ఆంపియర్లు ఫ్యూజు ఎంచుకోవడానికి.

పాతపట్నంలో కొన్న మోటారు ఇక్కడ పనిచేస్తుందా?

చేస్తుంది. రాష్ట్రం వేరు కాబట్టి సరఫరా సంస్థలు వేరు, రేట్లు వేరు, కానీ వోల్టేజీ, సెకనుకి 50 ఊపులు రెండు చోట్లా ఒకటే.

పెద్ద లైన్లలో అంత వోల్టేజీ ఎందుకు, 230 పంపితే ప్రమాదం తగ్గేది కదా?

మా అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. కోరాపుట్ జిల్లాలో ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టుకున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి నడుస్తోంది. దాని సామర్థ్యం దాదాపు 120 మెగావాట్లు, అంటే 12 కోట్ల వాట్లు. 230తో భాగిస్తే అయిదు లక్షల ఇరవై వేల ఆంపియర్లు. అంత ప్రవాహాన్ని మోయాలంటే తాటిమాను లావు తీగ వేసినా దారిలోనే కరిగిపోతుంది. అదే 132 కేవీ త్రీఫేజ్ లైను మీద 12 కోట్లని 1.732 × 1,32,000తో భాగించండి, 525 ఆంపియర్లే. వాట్లు అవే, మోయాల్సిన ఆంపియర్లు ఎంత తగ్గాయో చూడండి. వాడు పలక మీద మళ్ళీ మళ్ళీ వేసి చూశాడు, ప్రతిసారీ 525 వచ్చేదాకా వదల్లేదు.

మోటారు నేమ్‌ప్లేటు చెరిగిపోయింది. ఆంపియర్లు ఎలా తెలుస్తాయి?

మోటారు తీసుకురండి. విప్పితే తీగ గేజీ, ఎన్ని చుట్లు ఉన్నాయో, ఇనుప రేకుల స్టాంపింగ్ పొడవు, లోపలి వ్యాసం కొలిచి హెచ్‌పీ చెప్పగలం. చుట్టాక మీ ఎదురుగానే పంపు బిగించి, నీళ్ళు ఎత్తిస్తూ, వోల్టులు, ఆంపియర్లు కొలిచి చూపిస్తాను. ఆ రెండు అంకెలూ, తేదీ అల్యూమినియం రేకు మీద అంకెల ఉలితో కొట్టి మోటారుకి రివెట్ చేసి ఇస్తున్నాను. మళ్ళీ ఎప్పుడైనా అనుమానం వస్తే క్లాంప్ పెట్టి ఆ రేకు మీది అంకెతో పోల్చుకోండి. అరా పావు ఆంపియరు తేడా ఉంటే నడపండి. ఒకటి దాటితే ఆపి, ముందు బేరింగు చూపించండి.